మంట రాలేదు అని రాసిన ఫైలు

ఆ రెండు మాటలు తనిఖీకి వచ్చిన అధికారి నీలం సిరాతో రాశాడు. "మంట రాలేదు." కింద సంతకం, సంతకం కింద రెండు చుక్కలు. ఆ చుక్కలు ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు గానీ, ఆ రోజు మాత్రం అవి నన్ను చూసి కన్ను గీటినట్టే అనిపించింది. నాకు మరపు తక్కువ. పెళ్లి పీటల మీద ఉండగా మా ఆడపడుచు నా జడను ఏమందో, పదో తరగతిలో లెక్కల మాస్టారు అర మార్కు ఎక్కడ కోశారో, అన్నీ నా దగ్గర వరసగా ఉన్నాయి. కానీ ప్రభుత్వం వారు కాగితం మీద పెట్టి మరీ చేసిన అవమానం అదొక్కటే. దాన్ని సరిచేయించడానికి పడిన పాట్లు తలుచుకుంటే నాకు నవ్వూ ఆగదు, కోపమూ ఆగదు.

అప్పట్లో గచ్చిబౌలిలో ఆడపిల్లల హాస్టల్ నడిపేదాన్ని. మూడంతస్తుల కిరాయి భవనం, నలభైమంది అమ్మాయిలు, అందరూ కంప్యూటర్ కంపెనీల్లో ఉద్యోగాలు. పొద్దున ఆఫీసు బస్సు హారన్ కొడితే ఇడ్లీ సగంలో వదిలేసి పరిగెత్తేవారు. రాత్రి వచ్చి, సన్నబడాలని అన్నం వదిలేసేవారు. రోజూ రెండు బకెట్ల ఎంగిలి. చెత్త ఆటో ఒక రోజు వస్తే రెండు రోజులు రాదు. తెలంగాణ ఉద్యమం రోజులవి. బంద్ అంటే ఆటో లేదు, సిలిండరు లేదు, ఒక్కోసారి కరెంటూ లేదు. ఆ పరిస్థితుల్లో పేపర్లో ఒక ప్రకటన కనిపించింది. వంటింటి వ్యర్థాలతో గ్యాస్ తయారుచేసుకునే హాస్టళ్లకు, హోటళ్లకు ప్రభుత్వ గ్రాంటు. కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించాను.

పక్క సందులో మగపిల్లల హాస్టల్ నడిపే ఆయన మా కృష్ణా జిల్లావాడే. ఏదో పనిమీద వచ్చి ఆ ప్రకటన చదివాడు.

"అక్కయ్యగారూ, ఊళ్లో పేడ పిసకలేకే కదండీ పట్నం వచ్చాం. ఆ కంపు మళ్లీ ఇక్కడికి తెస్తారా?" అని నవ్వాడు. పన్ను మీద పన్నున్న నవ్వు.

"తెస్తానండి," అన్నాను. నిజానికి అప్పటివరకు నాకంత పట్టుదల లేదు. ఆ నవ్వే తెప్పించింది.

దరఖాస్తుకు ఎన్ని కాగితాలు కావాలో అన్నీ పెట్టాను. భవనం ఓనరు పాత గచ్చిబౌలి మనిషి. ఆయన ఒకే షరతు పెట్టాడు. "సర్కారోళ్ల ముద్ర పడ్డ కాగితం తెచ్చి సూపెట్టు, నీ డ్రమ్ము ఎన్నేండ్లన్నా ఉండనీ. ముద్ర రాకపోతే మాత్రం తీసి బయట పెట్టాలె." అంటే తనిఖీ ముగిసి, ప్రభుత్వం ముద్ర వేస్తేనే అది మా ఇంట్లో ఉంటుంది. ఫారంలో తనిఖీ గురించి ఒక వాక్యం ఉంది, నాకు కంఠస్థం. "అధికారి తానే స్వయంగా వెలిగించి మంటను చూడవలెను."

జీడిమెట్లలో ఫ్యాక్టరీలకు ట్యాంకులు చేసే మేస్త్రీ ఒకాయన డ్రమ్ము తెచ్చి పెరటి సందులో బిగించాడు. ఒక పెద్ద నల్ల డ్రమ్ములో ఇంకొకటి బోర్లించినట్టు ఉంటుంది. కింది దాంట్లో ఎంగిలి మురుగుతుంది, గ్యాస్ పుట్టేకొద్దీ పైది లేస్తుంది. మొదట పేడనీళ్లు పోసి మూడు వారాలు కాచుకుని కూర్చున్నాం. ఒక పొద్దున మా వంటావిడ పెరట్లోంచి కేక పెట్టింది. ఆమెది పాలమూరు. డ్రమ్ముకు పెద్దమనిషి అని పేరు పెట్టింది కూడా ఆమే.

"అమ్మా! జల్ది రా! పెద్దమనిషి లేషిండు!"

నిజంగానే లేచాడు. గంగిరెద్దు మూపురంలా నున్నగా, జానెడు పైకి. స్టవ్వు తిప్పి అగ్గిపుల్ల గీస్తే నీలం మంట. పొగ లేదు, వాసన లేదు. అమ్మాయిలు మెట్ల మీద నుంచి బ్రష్షులు నోట్లో పెట్టుకునే చప్పట్లు కొట్టారు. టీ కాచాం. తాగాం. మళ్లీ కాచాం. ఎవరికీ అక్కర్లేకపోయినా కాచాం. నీళ్లు మరగబెట్టి, అవి చల్లారితే మళ్లీ మరగబెట్టాం. నిన్న పారేసిన సాంబారు ఇవాళ పాలు పొంగిస్తోందని తలుచుకుంటే నాకు చక్కిలిగింతలు పెట్టినట్టుండేది. పనేమీ లేకపోయినా పెరట్లోకి వెళ్లి పెద్దమనిషిని ఒకసారి తట్టి వచ్చేదాన్ని.

ఇంతలో శ్రావణమాసం వచ్చింది.

మాకు పులుపు లేని పూట లేదు. గోంగూర, చింతకాయ పచ్చడి, పప్పుచారు, రోజూ గిన్నెడు చింతపండు పిప్పి. వంటావిడకేమో పచ్చిపులుసు లేకపోతే ముద్ద దిగదు. పైగా శ్రావణ శుక్రవారాలు. అమ్మాయిలందరి పేరు మీదా పులిహోర చేసేదాన్ని, తీరా వాళ్లు గరిటెడు తిని వదిలేసేవారు. అన్నం పరబ్రహ్మం కదా, ఒక్క మెతుకు పారేయకుండా అంతా పెద్దమనిషికే పెట్టాం. నిమ్మడిప్పలతో సహా. రాష్ట్రం విడిపోవాలా కలిసుండాలా అని ఊరంతా కొట్టుకుంటున్న రోజుల్లో మా డ్రమ్ములో మాత్రం కోస్తా పులుపూ తెలంగాణ పులుపూ ఏకమైపోయాయి.

సోమవారం నాడు తనిఖీ అధికారి వచ్చాడు. నల్గొండవైపు మనిషి. ముప్ఫై అయిదేళ్లుంటాయి. చేతిలో హెల్మెట్, చంకలో ఫైలు. డ్రమ్ము చూసి సంతోషించాడు. అది నిండు గర్భిణిలా లేచి ఉంది మరి. స్టవ్వు తిప్పితే బుస్సుమంది. పుల్ల గీశాడు. ఎవరో ఊదినట్టు ఆరిపోయింది. ఇంకోటి గీశాడు. అదీ అంతే. పన్నెండు పుల్లలు. నేను లెక్కపెట్టాను.

"గ్యాస్ ఉన్నది మేడం, మంట లేదు. నేనేం జేయాలె?"

"మొన్న వచ్చిందండీ!"

"మొన్నటిది నేనెట్ల రాస్త?"

"సారూ, గీ పొయ్యి మీదనే ఛాయ్ పెట్టినం. నా పిల్లల మీద ఒట్టు," అంది వంటావిడ.

"ఒట్టు రాయనీకి ఈ ఫారంల ఖానా లేదమ్మా," అన్నాడు.

కనీసం టీ అయినా తాగి వెళ్తాడని తెచ్చి ఇస్తే, కప్పు పట్టుకుని, "ఇది ఏ గ్యాస్ మీద పెట్టిన్రు?" అని అడిగాడు. సిలిండరు మీదే పెట్టాం. తాగి, బాగుందన్నాడు. దాంతో నాకు ఇంకా మండింది. తర్వాత ఆ రెండు మాటలు రాసి, సంతకం చేసి, చుక్కలు పెట్టి, రెండు నెలల్లోపు మళ్లీ తనిఖీ కోరవచ్చని, లేకపోతే దరఖాస్తు రద్దవుతుందని చెప్పి బండెక్కాడు. గేటు దగ్గర పక్క సందు ఆయన నిలబడి ఉన్నాడు. నన్ను చూసి ముక్కు మూసుకున్నాడు.

మర్నాడు మేస్త్రీ వచ్చి డ్రమ్ము మూతి దగ్గర వాసన చూశాడు. ముఖం అటు తిప్పేసుకున్నాడు.

"ఏం పెట్టిన్రమ్మా దీనికి?"

చెప్పాను.

"గంత పులుపు మనిషి తింటేనే కడుపుల మంట లేస్తది. ఇది పులిసిపోయింది. పైకి లేస్తది గని అంటుకోదు. పది దినాలు ఏం పెట్టకున్రి. సున్నం నీళ్లు కలపున్రి, తాజా పేడ పోయున్రి."

"ఈ ముక్క మొదట్లోనే చెప్పొచ్చు కదండీ?"

"చెప్పిన. మీరు ఫోన్ల మాట్లాడుతున్రు."

నేను ఫోనులో లేను. ఇది ఇక్కడ స్పష్టంగా రాస్తున్నాను.

లంఖణం పరమౌషధం అన్నారు కదా. పెద్దమనిషిని పస్తు పెట్టాం. పేడ కోసం ఖాజాగూడలో గేదెల పాక దాకా వెళ్లాను. ఆటో అతను రెండు డబ్బాలనూ నన్నూ చూసి, "అమ్మా, ఎనకటి సీటు మీద మీరు కూసుంటరా, అది కూసుంటదా?" అన్నాడు. ఇద్దరం కూర్చున్నాం. అద్దాల మేడల ముందు నుంచి, మెడలో కంపెనీ బిళ్లలు వేసుకున్న పిల్లల మధ్య నుంచి, ఒళ్లో మూత సరిగా పట్టని డబ్బాతో, స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా దేవుణ్ణి తలుచుకుంటూ వచ్చాను. గాలికి కొంగు ఎగురుతుంటే నాకెందుకో పకపకా నవ్వొచ్చింది. ఆటో అతను అద్దంలో చూసి భయపడ్డాడు. అలా నాలుగు సార్లు తిరిగాను. పదకొండో రోజున నీలం మంట తిరిగి వచ్చింది. వంటావిడ దిష్టి తీసి, గోడ మీద బొగ్గుతో రాసి పెట్టింది: పులుపు బంద్.

వెంటనే ఆఫీసుకు పరిగెత్తాను. తాళం. సకల జనుల సమ్మె మొదలైందట. ఎదురుగా టెంటు, టెంటులో ఆఫీసు మొత్తం. మా తనిఖీ అధికారి మెడలో గులాబీ కండువాతో ముందు వరసలోనే కూర్చుని ఉన్నాడు.

"మంట వచ్చిందండీ. వచ్చి చూడండి."

"సమ్మెల ఉన్నం మేడం. పెన్ను పట్టం."

"పెన్ను వద్దు. కళ్లు తీసుకురండి చాలు."

"కండ్లు గూడ సమ్మెల ఉన్నయ్."

టెంటంతా నవ్వింది. నేను నవ్వలేదు. "మరి మీరు ఇచ్చిన రెండు నెలలు సమ్మెలో లేవా? అవి నడుస్తూనే ఉన్నాయే?" అన్నాను.

ఆయన ముఖం కాస్త మారింది. "అదైతే నిజమే మేడం. గని నేనొక్కణ్ణి వచ్చి డ్యూటీ చేస్తే వీళ్లంత నన్నేమనాలె?"

అది నాకు అర్థమైంది. అర్థమైనా ఒప్పుకోలేదు. ఇంటికొచ్చి మూడు ఫిర్యాదులు రాశాను, ఎవరికి పంపాలో తెలియలేదు. అందరూ సమ్మెలోనే ఉన్నారు. రోజులు గడిచాయి. బొగ్గు రాక కరెంటు కోతలు పెరిగాయి, సిలిండరు అతను కనిపించడం మానేశాడు. ఓనరు ఒకసారి వచ్చి డ్రమ్మునూ నన్నూ మార్చి మార్చి చూసి, "ముద్ర ఏమాయె?" అని వెళ్లాడు. గడువు ఇంక తొమ్మిది రోజులుంది.

అప్పుడు వంటావిడ వచ్చి చెప్పింది. "అమ్మా, ఎల్లుండి నేను రాను. మన రోడ్డు మీద వంటావార్పూ ఉన్నది. నేనాడ వండాలె."

వంటావార్పూ అంటే రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, రోడ్డు మీదే వండి, అక్కడే కూర్చుని తినే నిరసన. బళ్లు ఆగిపోతాయి, ఊరు మాత్రం తింటుంది.

"మరి నలభైమంది పిల్లల సంగతి?"

"ఆళ్లను గూడ పంపు. రోడ్డు మీద తినొద్దని ఏమన్న ఉన్నదా? సమ్మె చేసేటోళ్లందరూ వస్తున్రు. గా ఆఫీసు సార్లు గూడ. నీ మంట సారు గూడ."

లేచి కిటికీ దగ్గరికి వెళ్లాను. బయట చూస్తే ముసురు. మూడు రోజులుగా ఒకటే వాన. కట్టెలు తడిసి ఉంటాయి.

"పప్పు ఎవరు వండుతున్నారు?" అన్నాను.

"నేనే. ఏమైంది?"

"మన గేటు ముందు వండు. మన గ్యాస్ మీద."

ఆమె నన్ను ఒక్క క్షణం చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకు జారబడి నవ్వింది. "అమ్మా, నువ్వు మామూలు దానివి గావు."

రెండు రోజులు పెద్దమనిషికి రాజభోగం. మెత్తటి అన్నం, గంజి, అరటిపండు తొక్కలు. స్టవ్వు ముట్టుకోనివ్వలేదు ఎవరినీ. పొద్దున చూస్తే డ్రమ్ము అంచు దాకా లేచి ఊగుతోంది. పెరట్లోంచి గేటు దాకా గొట్టం లాగాం. చుట్టూ రేకులు, పైన నాలుగు గొడుగులు. గొడుగులు పట్టుకోవడానికి అమ్మాయిలు పోటీ పడ్డారు. ఆఫీసు బస్సు రాలేదని అంత ఆనందించిన ఉద్యోగుల్ని నేను ఎప్పుడూ చూడలేదు.

రోడ్డు నిండింది. డప్పులు, పాటలు, బతుకమ్మలు. ఇరవై చోట్ల కట్టెల పొయ్యిలు పెట్టారు. ఇరవై పొయ్యిలూ పొగే. కళ్లు నలుపుకుంటూ ఊదేవాళ్లు, కిరోసిన్ కోసం పరిగెత్తేవాళ్లు. మా గేటు దగ్గర మాత్రం పెద్ద గుండిగలో పప్పు కుతకుతలాడుతోంది, కింద నీలం మంట. జనం వచ్చి వంగి చూసి పోతున్నారు. మంట సారు కూడా వచ్చాడు. చేతిలో గరిటె ఉంది. నన్ను ఇంకా చూడలేదు. నేను గొట్టం దగ్గర గొడుగు చాటున ఉన్నాను. ఆయన దగ్గరికి రాగానే గొట్టం మీట కట్టేశాను. మంట ఆరిపోయింది.

"అయ్యో, సారూ, గాలికి ఆరిపోయింది," అంది వంటావిడ. ఇంత నటన ఆమెకు ఎక్కడిదో! "నా చేతులకు పిండి ఉన్నది. జర అంటుపెట్టున్రి."

అగ్గిపెట్టె ఇచ్చింది. నేను మీట తిప్పాను. ఆయన వంగి, పుల్ల గీసి, పెట్టాడు. బుస్సున అంటుకుంది. నీలం రేకుల పువ్వులా చుట్టూ విచ్చుకుంది. ఆయన ఆ పువ్వును చూశాడు. తర్వాత స్టవ్వును చూశాడు. తర్వాత గొట్టం వెంబడి చూపు మెల్లగా పాకుతూ వచ్చి, గొడుగు కింద నా ముఖం దగ్గర ఆగింది.

"మేడం!"

"స్వయంగా వెలిగించి చూడవలెను," అన్నాను.

"నేను సమ్మెల ఉన్న మేడం!"

"మిమ్మల్ని రాయమనలేదండీ. వచ్చిందో రాలేదో చెప్పండి చాలు."

మైకు ఒక టీచరమ్మ చేతిలో ఉంది. ఒక్క నిమిషం అని అడిగి తీసుకున్నాను. "అందరికీ నమస్కారం అండి," అనగానే నా యాస విని జనం చప్పున ఆగారు. ఎవరో వెనక నుంచి, "ఆంధ్రామెకు మైకు ఎవరిచ్చిన్రు?" అన్నారు. వంటావిడ గరిటె పైకెత్తింది. "మా అమ్మ! మాట్లాడనియ్యున్రి! మీరు తినే పప్పు ఆమె గ్యాస్ మీదనే అయితున్నది!"

"ఈ సారు శ్రావణమాసంలో మా ఇంటికొచ్చి మంట రాలేదని రాశారండి. ఇప్పుడు ఆయన చేత్తో ఆయనే వెలిగించారు. వచ్చిందో రాలేదో మీరే అడగండి."

"చెప్పు సారూ!" అని అరిచారు. "చెప్పాలె! చెప్పాలె!"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. మైకు అందుకున్నాడు. "వచ్చింది," అన్నాడు మెల్లగా. "గట్టిగ!" అన్నారు. ఆయనకు కూడా ఏదో హుషారు పుట్టినట్టుంది. పిడికిలి ఎత్తి గొంతు చించుకున్నాడు. "మంట వచ్చింది!"

చివర్లో ఉన్నవాళ్లకు ముందు సంగతేమీ తెలియదు. మైకులో వచ్చింది కాబట్టి అందుకున్నారు. "వచ్చింది! వచ్చింది!" డప్పు దానికి దరువు కలిపింది. అమ్మాయిలు గొడుగులు ఎగరేశారు. రోడ్డు పొడుగునా, ఎవరో తెలియని వందలమంది, వానలో, నా పెరటి డ్రమ్ము గురించి నినాదాలు ఇస్తున్నారు. తర్వాత మామూలుగా జై తెలంగాణ అన్నారు. ఆ ఊపులో నేనూ జై అన్నాను. అన్నాక నాలుక కరుచుకోలేదు.

వడ్డన మొదలయ్యాక పక్క సందు ఆయన ప్లేటు పట్టుకుని గేటు దగ్గరికొచ్చాడు. ఆయన వంటవాడూ రోడ్డు మీదే ఉన్నాడు మరి.

"అక్కయ్యగారూ, కాస్త పప్పు..."

"పేడ గ్యాస్ మీద వండిందండి."

"ఆకలికి ఏ గ్యాసైతేనేమండీ."

గరిటెన్నర వేశాను. ముక్కు మూసుకోకుండా తిన్నాడు. చూస్తూ నిలబడ్డాను.

ఇక భయమంతా గడువు గురించే. అది సమ్మెలోనే దాటిపోయింది. ఆ రోజు నేను అన్నం తినలేదు. సమ్మె ఆగిన రెండో రోజు పొద్దున్నే గేటు ముందు బండి చప్పుడు. హెల్మెట్, ఫైలు, ఆయన. సమ్మె రోజులు గడువులో కలపవద్దని పైవాళ్లను ఒప్పించి వచ్చాడట. ఆ మాట చెప్పడానికి కూడా సిగ్గుపడ్డాడు.

"రోడ్డు మీద వెలిగించారు కదండీ. ఇక రాసెయ్యండి," అన్నాను.

"సమ్మెల వెలిగించింది లెక్కకు రాదు మేడం. మళ్ల వెలిగిస్త."

మొదటి పుల్ల ఆరిపోయింది. వంటావిడ నా చెయ్యి పట్టుకుంది. ముందు రోజు ఎవరో నిమ్మడిప్ప వేశారేమోనని నా ప్రాణం నాలుగు దిక్కులా పోయింది. రెండో పుల్లకు నీలం మంట లేచింది. ఆయనే ముందు "వచ్చింది!" అని అరిచాడు. ముగ్గురం పిచ్చివాళ్లలా నవ్వాం.

రాశాడు. "స్వయంగా వెలిగించి చూశాను. మంట వచ్చింది." సంతకం, రెండు చుక్కలు. ముద్ర కాగితం వారంలో వస్తుందన్నాడు. వచ్చింది కూడా. ఓనరు దాన్ని రెండు వైపులా తిప్పి చూసి, ఉండనీ అన్నాడు.

కానీ ఆ రోజు ఫైలు మూయబోతుంటే నేను చెయ్యి అడ్డం పెట్టాను. పైన పాత వాక్యం అలాగే ఉంది.

"అది కొట్టెయ్యండి."

"కొట్టెయ్యరాదు మేడం. ఆనాడు రాలే, ఈనాడు వచ్చింది. రెండూ నిజమే కదా."

"నిజమే. కానీ ఎందుకు రాలేదో రాయలేదు. చదివినవాళ్లు నాకు చేతకాలేదనుకుంటారు."

ఆయన తల గోక్కుని, ఫారం తిప్పి, అడుగున ఒక గడి చూపించాడు. లబ్ధిదారు అభిప్రాయం. "మీకు ఏం రాయాలనున్నదో ఇందుల రాయున్రి."

శ్రావణ శుక్రవారం పులిహోర దగ్గర మొదలుపెట్టాను. చింతపండు పిప్పి, నిమ్మడిప్పలు, మేస్త్రీ చెప్పని ముక్క, పన్నెండు అగ్గిపుల్లలు, ఏ గ్యాస్ మీద పెట్టారని అడిగిన టీ. ఈలోగా వంటావిడ డ్రమ్ము గ్యాస్ మీదే టీ పెట్టి తెచ్చింది. ఆయన ఏ గ్యాసని అడగలేదు. ఒక కప్పు తాగాడు, రెండోది తాగాడు, హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఖాజాగూడ పేడ దగ్గరికి వచ్చేసరికి గడి నిండిపోయింది. ఇంకో కాగితం అడిగాను. నవ్వుతూ ఫైల్లోంచి రెండు తీసి ఇచ్చాడు.